పాత కంప్యూటర్‌లో పాటలు మోగడం లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చూడండి

గుడ్డ కప్పి ఓ మూలన పెట్టిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఒకప్పుడు సీడీల నుంచి ఎక్కించిన గజళ్లు, ఖవ్వాలీలు, పెళ్లి పాటలు అందులోనే ఉంటాయి. కొన్ని ఇళ్లలో అయితే ఇప్పుడు లేని దాదాజాన్ గొంతు కూడా. ఫైల్ నొక్కితే మోగదు. షాపుకు తీసుకెళ్తే ‘ఫార్మాట్ కొడదాం’ అంటారు.

అక్కడే ఆగాలి. ఎక్స్‌పీలో ‘మై మ్యూజిక్’ ఫోల్డర్ మామూలుగా సీ డ్రైవ్‌లో ఉంటుంది. ఆ డ్రైవ్ ఫార్మాట్ చేస్తే పాటలూ పోయినట్టే.

కాబట్టి మొదటి పని కాపీ. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌లో ఉన్నదాన్ని ఎక్స్‌పీ తనంతట తాను చదవలేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ తీసుకుంటుంది. ఐదు నిమిషాల పాటలు వెయ్యి ఉన్నా 8 జీబీ పెన్ డ్రైవ్ సరిపోతుంది.

కాపీ అయ్యాక వేరే కంప్యూటర్‌లో పెట్టి వినాలి. ఇది తప్పనిసరి. విండోస్ మీడియా ప్లేయర్‌తో సీడీ ఎక్కించేటప్పుడు ‘కాపీ ప్రొటెక్ట్’ టిక్ పెట్టి ఉంటే, ఆ డబ్ల్యూఎంఏ ఫైళ్లు ఆ ఒక్క కంప్యూటర్‌లోనే మోగుతాయి. అలాంటివి ఉంటే సీడీలు వెతికి మళ్లీ ఎంపీ3గా ఎక్కించుకోవడమే మేలు.

ఇక ప్లేయర్ సంగతి. ‘మై కంప్యూటర్’ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. సర్వీస్ ప్యాక్ 3 అని ఉంటే వీఎల్‌సీ 3.0 వరుసలోని 32 బిట్ వెర్షన్ పనిచేస్తుంది. ర్యామ్ మరీ తక్కువైతే ఫూబార్2000 తేలిక. కాకపోతే దాని 2.0కి విండోస్ 7 కావాలి, ఎక్స్‌పీకి 1.6 వరుసే ఆఖరు. రెండూ ఉచితమే. ఎక్స్‌పీలోని పాత బ్రౌజర్‌లో ఈరోజు చాలా సైట్లు తెరుచుకోవు గనుక, వేరే కంప్యూటర్‌లో అసలు సైటు నుంచే దించి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. ఎక్కడపడితే అక్కడ దొరికే ‘కోడెక్ ప్యాక్’ల జోలికి పోవద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. వైరస్ వస్తే కాపాడేవాళ్లు లేరు. ఆ కంప్యూటర్‌కు నెట్ కనెక్షన్ తీసేసి, పాటలకే ఉంచితే నిశ్చింత.

పాట ఆగి ఆగి వస్తోందా? ఫూబార్‌లో ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, అవుట్‌పుట్‌లోకి వెళ్లి బఫర్ లెంగ్త్ పెంచండి. అసలు శబ్దమే లేకపోతే తప్పు ప్లేయర్‌ది కాకపోవచ్చు. డివైస్ మేనేజర్‌లో సౌండ్ దగ్గర పసుపు గుర్తు ఉంటే డ్రైవర్ వేయాలి.

ఉర్దూ, తెలుగు పేర్లు డబ్బాల్లా కనిపిస్తే కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో కుడి నుంచి ఎడమకు రాసే భాషలకు, కాంప్లెక్స్ లిపులకు ఉన్న టిక్ పెట్టాలి. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, దగ్గర ఉంచుకోండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు ఓపస్ రకం ఫైళ్లు. పాత విండోస్ మీడియా ప్లేయర్ వాటిని తెరవదు. పైన చెప్పిన రెండు ప్లేయర్లలోనూ అవి మోగుతాయి.