రెండు పడవలు, ఒక బల్లకట్టు

కోనసీమకు తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున సముద్రము. ఈ త్రికోణమును నడుమ మరల వైనతేయ చీల్చుచున్నది. ఆ పాయకు పడమటనున్న మామిడికుదురు ప్రాంతమువారు అమలాపురము పోవలెనన్న, వంతెన ఏర్పడక పూర్వము, పాశర్లపూడి వద్ద రేవు దాటి బోడసకుర్రు చేరవలసియుండెడిది. మనిషి దాటుటకు ఒక పడవ చాలును. బండియు ఎద్దులును దాటవలెనన్న చాలదు. ఈ చిక్కునుండి పుట్టినదే బల్లకట్టు.

ఒంటిపడవపై బండి నెక్కించినచో, బరువు కొంచెము ప్రక్కకు జరిగినను పడవ ఒరిగిపోవును. రెండు పడవలను ఎడముగా నిలిపి, అడ్డముగా దూలములు బిగించి, వానిపై బల్లలు పరచినచో, బరువు జరిగిన వైపు పడవ కొంత మునిగి, మునిగినకొలది అధికముగా మోయును. నడిమి ఖాళీలోనుండి ప్రవాహము సాగిపోవును. క్రొత్త నావ కట్టనక్కరలేదు. ఉన్నవానిని జోడించినచో చాలును. దాని చవకదనమంతయు ఇందేయున్నది.

ఈ యుక్తి నిన్నటిది కాదు. సేనలు నీటిని దాటు సాధనములలో కొయ్యలు, వెదుళ్లు కూర్చి కట్టిన సంఘాతములను, సొరకాయ బుర్రలను, తోలుతిత్తులను కౌటిల్యుడు అర్థశాస్త్రమున పేర్కొనెను. క్రీ.శ. 1వ శతాబ్దిలో గ్రీకుభాషలో వెలసిన 'పెరిప్లస్' అను నౌకాయాన గ్రంథము, తూర్పుతీరపు రేవులలో ఏకకాష్ఠపు దుంగలను జోడించి కట్టిన పెద్దనావలు గలవనియు, వానిని 'సంగర' అందురనియు చెప్పుచున్నది. సంస్కృత సంఘాట శబ్దము, మలయాళ చంగాడము, తుళు జంగల, ఇవన్నియు ఒకే కుదురు మాటలని పండితుల అభిప్రాయము. పోర్చుగీసువారు ఆ మలయాళ పదమును 'జంగాడ'గా గైకొని అట్లాంటిక్ మహాసముద్రము దాటించిరి. బ్రెజిల్ ఈశాన్యతీరపు జాలరుల తెప్పకు నేటికిని అదే పేరు. కేరళమున వాహనములను దాటించు జంటపడవ 'జంకార్'. మన కోనసీమవారు మాత్రము ఆంగ్లేయుల మాటను పట్టి 'పంటు' అనిరి. బల్లకట్టు వంటి చక్కని మాట చేతనుండగా ఇది నాకు వింతగనే తోచును.

బల్లకట్టులో ముందు చెడునది పడవ కాదు, పైబల్ల. ఇనుపకమ్ముల చక్రములు ఒరయుట ఒక కారణము, అంతకుమించినది వాననీరు. నిలిచిన మంచినీరు ఉప్పునీటికంటె త్వరగా కొయ్యను కుళ్లజేయును. మేకుల చుట్టును, బల్లలు ఒరసికొను చోటులందును కుళ్లు మొదలగును. కావున నీరు జారుటకు సందు విడువవలెను. చెడిన బల్లనొక్కదానినే ఊడదీసి క్రొత్తది వేయవలెను. పైబల్ల చవకకొయ్యయైనను దోషములేదు. దూలమును పడవకు బిగించు కట్టునందు మాత్రము పొదుపు పనికిరాదు. బల్ల విరిగిన ఒకరి కాలు దిగబడును. కట్టు తెగినచో రెండు పడవలు రెండు దారులు పట్టును, నడుమనున్నవారు నీటిపాలగుదురు.

ఇంకొక విశేషము. 19వ శతాబ్ది నడుమ, ధవళేశ్వరపు ఆనకట్ట కట్టిన కాలముననే, గన్నవరమువద్ద వైనతేయపై 49 కమానుల అక్విడక్టు లేచి, మామిడికుదురు గల నాగరము దీవికి కాలువనీరు చేర్చెను. కాలువకు అంత త్వరగా వంతెన అమరినను, దిగువ రేవులలోని మనుష్యులు చిరకాలము పడవలనే నమ్ముకొనిరి. గౌతమిపై ఎదుర్లంకవద్ద బాలయోగి వారధి వచ్చినది. నరసాపురము, సఖినేటిపల్లి రేవుల నడుమ మాత్రము 21వ శతాబ్దియందును వాహనములు పంటుపైననే వసిష్ఠను దాటినవి. కొయ్యకు బదులు ఇనుపరేకు, తెడ్డునకు బదులు ఇంజను, అంతియే భేదము.