ఇత్తడి ఫిల్టరు, కాగితపు వడపోత

మేడ్చల్, శామీర్‌పేటల దారి పొడవునా చాయ్ కొట్లే. ఈ చాయ్ సీమకు మా అమ్మ గుంటూరు నుంచి కాపురానికి వస్తూ ఇత్తడి ఫిల్టరు వెంట తెచ్చుకున్నది. ముదురుగా వేయించిన గింజల పొడి, కొంత చికోరీ, పైన మరిగిన నీరు. బొట్టుబొట్టుగా దిగిన ఆ చిక్కటి డికాక్షన్ పాలలో కలిసినా తన చేదును వదులుకోదు.

1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్ అనే గృహిణి, కొడుకు బడి పుస్తకంలోని బ్లాటింగ్ పేపరుతో కాఫీ వడకట్టింది. కాగితం మడ్డినీ, నూనెలనూ పట్టి ఉంచుతుంది. కాఫీ తేటగా దిగుతుంది. ఇత్తడి రంధ్రాలు ఆ నూనెలను వదిలేస్తాయి. నోటికి తగిలే చిక్కదనం కొంత వాటిదే.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ గింజలు, లేతగా వేయించినవి, మొన్న తెచ్చి రెండు విధాలా తీశాను. కాగితంలో పండ్ల వంటి పులుపు తెలిసింది. ఫిల్టరులో తీసి పాలు పోస్తే అది మరుగునపడి చప్పబడింది. ఇక ఫిల్టరును అటకెక్కించబోయాను. కాగితపు కాఫీ ఒక గుక్క తాగిన అమ్మ, "నీళ్ళు బాగున్నాయి నాయనా, కాఫీ ఏదీ?" అన్నది.

నవ్వు వచ్చింది గానీ, విషయం అప్పుడే బోధపడింది. ఆ ఇత్తడి పాత్ర పాల కాఫీకి తగినది. తప్పు దానిది కాదు, నేను వేసిన పొడిది. ఫిల్టరు అటకెక్కలేదు.