యుద్ధభూమిలో మొహాక్ పరిచారిక

కొడిమ్యాల వంటి పల్లెలలో మంత్రసాని చేతిమీఁద పుట్టినవారము మనము. అట్టి యొక చేతి చరిత్రము వినుఁడు.

కెనడా ఆదివాసులగు మొహాక్ జాతియందు 1890లో జనించిన ఈడిత్ ఆండర్సన్‌ను అచ్చటి పరిచారికా పాఠశాలలు చేర్చుకొనలేదు. ఆమె అమెరికాకేఁగి, న్యూరోషెల్ పాఠశాలలో 1914లో పట్టము నొందెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యపు పరిచారికయై, ఫ్రాన్సులోని విట్టెల్ ఆసుపత్రిలో క్షతగాత్రులకు శుశ్రూష చేసెను. 1917 నాటి శాసనముచే యుద్ధపరిచారికగా ఆమెకు కెనడాలో వోటు గలిగెను. ఆదివాసులందఱికి నది షరతులు లేక లభించుట 1960లోఁ గాని జరుగలేదు.

యుద్ధానంతరము స్వగ్రామమునకు మరలి, ఈడిత్ మోంట్యూర్ అను పేర 1955 వఱకు స్వజనులకు పరిచారికయు మంత్రసానియు నయ్యెను. 1996లో నూటయైదేండ్ల వయస్సున గతించెను.

పుట్టుక చూచి బడితలుపు మూసినచో నష్టపోవునది ఆ బిడ్డ మాత్రమే కాదు. రేపు మన గాయమునకు కట్టు కట్టవలసిన చేతిని మనమే పోఁగొట్టుకొందుము.