ఎన్నిక, సువార్త: గుత్తి దాకా వచ్చిన వాదం

మనిషి పుట్టకముందే అతని రక్షణను దేవుడు నిర్ణయించి ఉంటే, ఇక వాడవాడకూ తిరిగి సువార్త చెప్పడం ఎందుకు? కాల్విన్ బోధను నమ్మిన క్రైస్తవులను శతాబ్దాలుగా వదలని ప్రశ్న ఇది. అనంతపురం కరువు సీమకు దీనితో ఏం సంబంధం అనిపించవచ్చు. కానీ గుత్తి, అనంతపురం ప్రాంతాల్లో సంఘాలు కట్టిన లండన్ మిషన్ వాళ్లు ఈ వాదంలో నలిగి వచ్చినవాళ్లే.

1618–19లో హాలండ్‌లోని డోర్ట్ సభ ఆర్మీనియస్ శిష్యుల వాదాన్ని తోసిపుచ్చింది. ఎవరిని రక్షించాలన్న దేవుని ఎన్నిక కేవలం కృపవల్లనే, మనిషి యోగ్యతను ముందే చూసి కాదని తేల్చింది. సువార్తను మాత్రం తారతమ్యం లేకుండా అన్ని జనాలకూ ప్రకటించాలని అదే సభ రాసింది. ఈ రెండో మాట మరుగున పడ్డాకే చిక్కు వచ్చింది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో జోసెఫ్ హస్సీ వంటివారు, ఎన్నికైనవారెవరో తెలియనప్పుడు రక్షణ తీసుకోండని అందరినీ పిలవడమే తప్పన్నారు. శ్రీవైష్ణవుల మర్కట, మార్జాల కిశోర న్యాయాలు తెలిసినవారికి ఈ వాదం కొంత పరిచయంగానే ఉంటుంది. అక్కడి తగవు తల్లిని పిల్ల పట్టుకోవాలా, తల్లే పిల్లను ఎత్తుకుంటుందా అని. తల్లి ఏ పిల్లను ఎత్తుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది ఇక్కడి తగవు. అందుకే ఇది ఎక్కువ బాధపెడుతుంది.

ముడి విప్పినవాడు ఆండ్రూ ఫుల్లర్ అనే బాప్టిస్టు పాదిరి. మనిషి దేవుని దగ్గరికి రాలేకపోవడం శక్తి చాలక కాదు, మనసు లేక అని 1785లో రాశాడు. కాబట్టి పిలుపు అందరికీ అందాలి. ఆయన స్నేహితుడు విలియం కేరీ 1792లో దాన్ని కార్యంలోకి దించాడు. 1795లో లండన్ మిషనరీ సొసైటీ పుట్టింది. అందులో ఎక్కువమంది కాల్విన్ మార్గీయులే. అయినా ఏ శాఖ పద్ధతినీ ఎగుమతి చేయకూడదని మరుసటి ఏడాదే తీర్మానించుకున్నారు. నా దృష్టిలో ఆ తీర్మానమే తెలుగునేలకు మేలు చేసింది.

1805లో ఆ సొసైటీ మిషనరీలు క్రాన్, డిగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలను తెలుగు చేశారు. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారి చేరాడు. ఆ రోజుల్లో గుత్తి, అనంతపురం బళ్లారి పరిధిలోవే. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. 19వ శతాబ్దం చివరి పాదానికి గుత్తి, ఆ తర్వాత అనంతపురం మిషన్ కేంద్రాలయ్యాయి.

అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. ఈ మిషనరీల సంప్రదాయంలో సభ్యత్వానికి ఎవరి సాక్ష్యం వారే చెప్పాలి. ఇక్కడ మాలపల్లెలు, మాదిగవాడలు కుటుంబాలుగా, ఒక్కోచోట వాడ మొత్తంగా కదిలాయి. పాఠశాలలు పెట్టి అగ్రకులాల కోసం ఎదురుచూస్తే, తలుపు తట్టినవాళ్లు వేరే. యోగ్యతతో పని లేదన్న సిద్ధాంతానికి ఇంతకన్నా సూటి రుజువు ఏ వేదాంతీ చూపలేదు.

ఒంగోలులో ఇది మరీ స్పష్టం. అక్కడి అమెరికన్ బాప్టిస్టులదీ మెత్తబడిన కాల్విన్ మార్గమే. 1876–78 కరువులో వాళ్ల మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మాలు మాత్రం ఏడాదికి పైగా ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని జాగ్రత్త. ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వచ్చినవాళ్లకు పెట్టిన షరతులు ఇవీ. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. ఆ రోజు క్లౌ తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు కాల్విన్ వారసులు, ఆ బోధను కాదన్న వెస్లీ వారసులు ఒకే సంఘంలో చేరారు. ఐక్యతకు ఆధారం బైబిలు, అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలు. రక్షణ ముందే నిర్ణయమన్న బోధను ఎవరిమీదా రుద్దలేదు. అది సరైన పనే.

ఇప్పుడు యూట్యూబ్‌లో తెలుగు బోధకులు ఈ వాదాన్ని మళ్లీ తలకెత్తుకున్నారు. మంచిదే. అయితే వాళ్లు డోర్ట్‌నే కాదు, గుత్తిని కూడా చదవాలి. మిషనరీల ఉత్తరాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. పల్లెపల్లెకూ నడిచిన ఉపదేశుల మాటలు, వాడల్లోని తొలి విశ్వాసుల జ్ఞాపకాలు అలా లేవు. పాత చర్చి రిజిస్టర్లు, తాతల నాటి కాగితాలు ఉన్న కుటుంబాలు వాటిని చెదలపాలు కానివ్వకుండా నకళ్లు తీయించాలని నా విన్నపం.