కొండ రైలు మార్గాలు – ప్రత్యేక ఆవిరి ఇంజన్లు

రైలు ఇంజను చక్రమూ ఉక్కే, పట్టా కూడా ఉక్కే. మైదానంలో ఈ నునుపు వల్ల తక్కువ శక్తితో ఎక్కువ బరువును లాగవచ్చు. కొండ వాలుపై మాత్రం అదే నునుపు లోపంగా మారి, చక్రాలు జారిపోతాయి. ఈ సమస్యను డార్జిలింగ్, నీలగిరి మార్గాలు రెండు భిన్నమైన పద్ధతుల్లో పరిష్కరించాయి.

అ) డార్జిలింగ్: ఇంజనుకు తగిన మార్గం

ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ చొరవతో 1879లో పనులు మొదలై, 1881లో రైలు డార్జిలింగ్ చేరింది. ఖర్చు తగ్గించడానికి, అప్పటికే ఉన్న హిల్ కార్ట్ రోడ్డు వెంట 2 అడుగుల (610 మి.మీ.) నేరో గేజ్ పట్టాలు వేశారు. సొరంగాలు తవ్వలేదు. వాలు మరీ ఎక్కువైన చోట మార్గాన్ని గుండ్రంగా చుట్టు తిప్పారు. మరికొన్ని చోట్ల రైలు ముందుకూ వెనక్కూ నడుస్తూ పైకెక్కే ఏర్పాటు చేశారు. ఈ విధంగా రైలు 2,258 మీటర్ల ఎత్తులోని ఘూమ్ స్టేషనును చేరుతుంది.

మలుపులు ఇరుకైనవి కాబట్టి ఇంజను పొట్టిగా ఉండక తప్పలేదు. 1889లో షార్ప్ స్టీవార్ట్ సంస్థ ప్రవేశపెట్టిన ‘బి’ తరగతి ఇంజనుకు నాలుగే చక్రాలు. నీళ్ళ తొట్టి, బొగ్గు పెట్టె ఇంజనుపైనే ఉండటంతో బరువంతా ఆ చక్రాలపై పడి పట్టు పెరిగింది. అయినా అది చాలలేదు. ఇంజను ముందుభాగంలో కూర్చున్న ఇద్దరు కార్మికులు పట్టాలపై చేతితో ఇసుక చల్లేవారు. మరొకరు బొగ్గు పగలగొట్టి ఫైర్‌మన్‌కు అందించేవారు. అంటే యంత్రానికి చాలని శక్తిని మానవ శ్రమ పూరించింది.

ఆ) నీలగిరి: మార్గానికి తగిన ఇంజను

మీటర్ గేజ్‌పై నడిచే నీలగిరి రైలు 1899లో మేట్టుపాళయం నుండి కూనూరుకు, 1908లో ఉదకమండలానికి చేరింది. కల్లార్–కూనూరు మధ్య మార్గం చాలా నిటారుగా పైకి లేస్తుంది. అందుకే అక్కడ పట్టాల మధ్య స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ రూపొందించిన పళ్ళ పట్టాను అమర్చారు.

స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో తయారైన ‘ఎక్స్’ తరగతి ఇంజనుకు నాలుగు సిలిండర్లు. రెండింటిలో అధిక పీడన ఆవిరి మామూలు చక్రాలను తిప్పుతుంది. అదే ఆవిరి తర్వాత మిగతా రెండు సిలిండర్లలోకి వెళ్ళి, పళ్ళ పట్టాను పట్టుకునే పళ్ళ చక్రాలను తిప్పుతుంది. పైకెక్కేటప్పుడు ఇంజను పెట్టెలను వెనుక నుండి నెడుతుంది.

ఇ) ముగింపు

ఇంజను రూపాన్ని కొండ వాలు ఒక్కటే నిర్ణయించలేదని దీనివల్ల తెలుస్తుంది. ఎంచుకున్న దారి, పెట్టిన ఖర్చు, వినియోగించిన శ్రమ కూడా నిర్ణయించాయి. యునెస్కో 1999లో డార్జిలింగ్‌ను, 2005లో నీలగిరిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ వారసత్వంలో ప్రెస్టేజ్, ఆబ్ట్‌లతో పాటు, పేరు వినబడని ఇసుక చల్లినవారికీ భాగముంది. సాంకేతిక చరిత్రను యంత్రాల చరిత్రగా మాత్రమే చదివితే వీరు కనిపించరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘బి’ తరగతి ఇంజను పొట్టిగా ఉండటానికి కారణమేమి?
2. ‘ఎక్స్’ తరగతి ఇంజనులో నాలుగు సిలిండర్ల ఉపయోగాన్ని వివరించండి.