పతకమునకు పాత్రులెవ్వరు?

దిల్‌సుఖ్‌నగరునకు సమీపమున, మూసారాంబాగు దాపునగల గుట్టమీద నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు సమాధి యున్నది. 1798 మార్చిలో ఆతడు గతించుటయు, ఆ యేడే అక్టోబరులో ఆతడు తీర్చిదిద్దిన పటాలములను ఆంగ్లేయులు నిరాయుధములను గావించుటయు, మరుసటి వేసవిలో నిజాము సేన ఈస్టిండియా కంపెనీ పక్షమున మైసూరు సుల్తాను టిప్పూపైకి నడచుటయు ఒకదానివెంట నొకటి జరిగినవి. 1799 మే 4న శ్రీరంగపట్టణము కూలగా, ఆ విజయమునకు గుర్తుగా బర్మింగుహాములోని సోహో టంకశాల యొక పతకమును ముద్రించెను. పులిని అణచు సింహపు బొమ్మ అందఱకు నొక్కటియే. లోహము మాత్రము హోదాననుసరించి మాఱెను. అగ్రసేనానులకు బంగారము, వారి క్రిందివారికి బంగారుపూత వెండి, పిమ్మట వెండి, కంచు, తుదకు సామాన్య సిపాయికి తగరము.

మొదటి ప్రపంచయుద్ధమున ఈ భేదము వేఱు రూపు దాల్చెను. 1915 ముగియులోపల రణరంగమున అడుగిడినవారికి 1914-15 స్టారు అను పతకము లభించెను. 1916 జనవరి 1న దిగినవారికి లేదు. హైదరాబాదు ఇంపీరియల్ సర్వీసు లాన్సర్లు మొదటి యేడే ఈజిప్టునకు తరలి సూయజు కాలువను కాచినవారగుటచే ఆ గడువులో చేరిరి. 1918 సెప్టెంబరు 23న హైఫాపై జోధ్‌పూరు, మైసూరు రౌతులు దుమికినప్పుడు వీరు ఆ దాడిలో లేకున్నను, యుద్ధసేవా పతకములు మూడు దళములకును సమానమే. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకమునందును మూడు సంస్థానములకు మూడు శిల్పములు నిలిచినవి. కాని సిపాయికి వెండితో నిచ్చిన బ్రిటిషు యుద్ధపతకమునే, బరువులు మోసి బాటలు వేసిన భారతీయ శ్రామికదళములవారికి కంచుతో నిచ్చిరి.

రెండవ యుద్ధమునాటికి లోహభేదము తొలగెను. సేనాపతికిని, సిపాయికిని స్టారు ఒకే మిశ్రలోహముతో చేయబడెను. అందుకు బదులుగా పంచాంగము న్యాయాధిపతి యయ్యెను. 28 దినములు కొలువు చేసినవారికి యుద్ధపతకము. మూడేండ్లు భారతభూమిని కాచిన భారత సేనలవారికి 1946లో ఏర్పఱచిన ఇండియా సర్వీసు మెడలు. బర్మా స్టారునకు 1941 డిసెంబరు 11 మొదలు. పసిఫిక్ స్టారునకు అంతకు మూడు దినములు ముందు. జపానువారు మలయాలోని కోట భారు తీరమున దిగినది ఆ డిసెంబరు 8ననే. అచటి విమానాశ్రయమును కాచుచుండినది మొదటి హైదరాబాదు పదాతిదళము.

కావున యుద్ధసేవా పతకము సాహసమును తూచునది కాదు, దానికి వేఱు పతకములు కలవు. ఇది మనుష్యుని ఉనికిని లెక్కించునది: ఎచట నుండెను, ఎన్నడు వచ్చెను, ఏ హోదాలో నిలిచెను అనునవే దాని ప్రశ్నలు. మొదటి యుద్ధపు పతకముల అంచున సంఖ్య, హోదా, పేరు, దళము చెక్కబడియుండుట ఇందులకే. తాతగారి పతకము చేతికి వచ్చినవారు ఆయన వీరుడా యని కాక, దేనికి పాత్రుడుగా గణింపబడెనని మొదట అడిగినచో, దొర మొదలు కూలీవఱకు సామ్రాజ్యము తన సేవకులను ఏ మెట్లపై నిలిపెనో తేటపడును.