ఇంజిన్‌ను ముందుగా వేడెక్కించడం

కారును కదిలించే ముందు ఇంజిన్‌ను నిలిచినచోటనే కొన్ని నిమిషాలు నడిపి వేడెక్కనివ్వడం వాహనదారులలో చిరకాలంగా ఉన్న అలవాటు. సిద్దిపేట జిల్లాలోని మండల కేంద్రమైన చిన్నకోడూరు వంటి దక్కను పీఠభూమి ఊళ్లలో నేటి కార్లకు దీని అవసరం లేదు.

ఈ అలవాటు కార్బురేటర్ కాలం నాటిది. చల్లని ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్‌కు ఆ సంగతి తెలుసుకునే సాధనం లేనందున, డ్రైవరే చోక్ లాగి, గాలిని తగ్గించి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచవలసి వచ్చేది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983లో వచ్చిన తొలి మారుతి 800 ఈ తరహావే. వేడెక్కకముందే నడిపితే అవి కుదుపులిచ్చి ఆగిపోయేవి కనుక, ఆనాటి డ్రైవర్ల జాగ్రత్త సమంజసమైనదే. ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మే ఇంజెక్షన్ విధానం వచ్చాక, ఉష్ణోగ్రతను సెన్సర్ల ద్వారా గ్రహించి ఇంధన పరిమాణాన్ని నిర్ణయించే పని కంప్యూటర్‌కు మారింది.

నిలిపి నడపడం వల్ల నష్టమే ఎక్కువ. బరువు లాగని ఇంజిన్ నిదానంగా వేడెక్కుతుంది. అంతసేపూ అదనంగా వచ్చే పెట్రోలులో కొంత సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగివేసి, కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ను పలుచన చేస్తుంది. పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ కూడా సుమారు 250–300 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరేదాకా సరిగా పనిచేయదు. మెల్లగా నడిపితే ఈ భాగాలన్నీ త్వరగా వేడెక్కుతాయి.

చలికి చిక్కబడిన ఆయిల్ పైభాగాలకు చేరదన్న భయం ఈ ప్రాంతానికి వర్తించదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీల దాపులకు దిగే రోజులున్నా, చిక్కనిదిగా పేరున్న 20డబ్ల్యూ-40 ఆయిల్ కూడా సున్నాకు దిగువ 15 డిగ్రీల వద్ద ఇంజిన్ తిరగడానికి అనువుగా ఉండాలన్నది దాని ప్రమాణం. స్టార్టు చేసిన కొద్ది సెకన్లలోనే ఆయిల్ పీడనం ఏర్పడుతుంది కాబట్టి అర నిమిషం ఆగితే చాలును. ఆ తరువాత ఇంజిన్ వేడెక్కేదాకా యాక్సిలరేటరును గట్టిగా తొక్కకపోవడమే అసలైన జాగ్రత్త. టర్బో ఉన్న డీజిల్ బండ్లకూ ఇదే పద్ధతి. స్టార్టుకు ముందు సిలిండర్లను వెచ్చబరిచే గ్లో ప్లగ్గులున్న బండిలో వాటి దీపం ఆరాకనే స్టార్టు చేయాలి. తెలుగువారు స్థిరపడిన మిన్నెసోటా, కెనడా వంటి అతిశీతల ప్రాంతాలలో మాత్రం ఇంజిన్‌ను విద్యుత్తుతో ముందే వెచ్చబరిచే బ్లాక్ హీటర్లు వాడుకలో ఉన్నాయి.

మూసిన షెడ్డులో ఇంజిన్‌ను నడిపి ఉంచడం ఏ ప్రాంతంలోనైనా ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.